ఆర్యభటుడి దీపస్తంభం

ఆర్యభటుడి జీవితంలో ఖాయంగా తెలిసిన తేదీ ఒక్కటే. అది కూడా ఆయనే చెప్పుకున్నాడు. కలియుగంలో అరవై అరవైలు, అంటే 3600 ఏళ్ళు గడిచేసరికి తనకు 23 ఏళ్ళు నిండాయని తన పుస్తకంలో ఒక శ్లోకంలో పెట్టాడు. కలియుగం మొదలైంది క్రీ.పూ. 3102లో కనుక ఆ సంవత్సరం క్రీ.శ. 499 అవుతుంది. ఆయన పుట్టింది 476లో. మన పూర్వ గ్రంథకర్తల్లో చాలామంది గోత్రం, వంశం, పోషించిన రాజు గురించి పది పద్యాలు చెప్పుకుని గాని అసలు విషయంలోకి దిగరు. ఈయన తన వయసు ఒక్కటి చెప్పి లెక్కల్లోకి వెళ్ళిపోయాడు. ఆ వయసు చెప్పటం కూడా గొప్ప కోసం కాదనీ, గ్రహాల లెక్కకు ఆ సంవత్సరాన్ని గుర్తుగా పెట్టటానికేననీ అన్న వ్యాఖ్యాతలున్నారు.

ఈ సంచికకు ఒక మహనీయుడి జీవితం రాసిమ్మని అడిగినప్పుడు నాకు ముందుగా తోచింది ఆయనే. నేను సివిల్ ఇంజనీరుగా పని చేసి రిటైరైనవాణ్ణి. ముప్పై ఏళ్ళకు పైగా న్యూజెర్సీలోని ఐసెలిన్‌లో ఉంటున్నాను. సర్వేయింగ్ పరికరాలతో చాలాకాలం గడిపినవాణ్ణి కాబట్టి, నీడల మీద ఆయన రాసిన మూడు శ్లోకాలంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. ఈ వ్యాసం ముఖ్యంగా వాటి గురించే. అవి ఆయన్ని ఎంత దూరం తీసుకెళ్ళాయో, దానికి ఆయన పుస్తకం ఏం మూల్యం చెల్లించిందో చెప్పాలని నా కోరిక.

అయితే మన సదస్సుల్లో ఎవరి గురించి మాట్లాడినా మొదటి ప్రశ్న ఒకటుంటుంది. ఆయన మనవాడేనా? కాబట్టి ముందు అది చూద్దాం.

తాను చెబుతున్నది కుసుమపురంలో గౌరవం పొందిన జ్ఞానమని ఆర్యభటుడు అన్నాడు. కుసుమపురమంటే పాటలీపుత్రం, ఇప్పటి పాట్నా, అని 629లో ఆయన పుస్తకానికి వ్యాఖ్య రాసిన మొదటి భాస్కరుడు వివరించాడు. (లీలావతి రాసిన భాస్కరాచార్యుడు వేరు. ఆయన ఐదు వందల ఏళ్ళ తరవాతివాడు.) ఆయన పని చేసిన ఊరు అదే అనుకున్నా, పుట్టిన ఊరు అదే కానక్కరలేదు. ఐసెలిన్‌లో ఉండే మనకు ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పక్కరలేదు. అదే భాస్కరుడు ఆర్యభటుణ్ణి అశ్మకుడనీ, ఆయన సంప్రదాయం వారిని ఆశ్మకీయులనీ అంటాడు. పదిహేనో శతాబ్దంలో పుట్టిన కేరళ పండితుడు నీలకంఠ సోమయాజి, ఆర్యభటుడు అశ్మక జనపదంలో పుట్టాడని సూటిగానే రాశాడు.

అశ్మకం పదహారు మహాజనపదాల్లో ఒకటి. దక్షిణాన ఉన్నది అదొక్కటే. బౌద్ధ గ్రంథాలు దాన్ని గోదావరి ఒడ్డున చూపిస్తాయి. దాని రాజధాని పోతన లేక పోదన. చాలామంది చరిత్రకారులు దాన్ని నిజామాబాద్ జిల్లాలోని బోధన్‌గా గుర్తించారు. ఒకప్పుడు నిజాం షుగర్ ఫ్యాక్టరీకి పేరుపడ్డ ఆ బోధనే. ఇంతవరకు దారి తిన్నగానే ఉంది. కానీ ఆర్యభటుడి కాలానికి అశ్మకమనే పేరు ఏ హద్దుల మధ్య చెల్లేదన్న దానిపై పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఆయన కేరళవాడని, కొడుంగల్లూరు ప్రాంతంవాడని వాదించేవారున్నారు. ఆయన పుస్తకాన్ని వందల ఏళ్ళపాటు శ్రద్ధగా చదివి, వ్యాఖ్యలు రాసి కాపాడినవాళ్ళు కేరళవాళ్ళే కాబట్టి ఆ వాదాన్ని కొట్టిపారేయనక్కరలేదు. నా మటుకు నాకు బోధన్ వాదం బలంగానే కనిపిస్తుంది. వేదిక మీద మైకు పట్టుకుని ఆర్యభటుడు తెలంగాణవాడని ప్రకటించేటంత బలంగా మాత్రం కాదు. గోదావరి ఒడ్డువాడని ఆయన సంప్రదాయం చెప్పుకుంది అంటే సరిపోతుంది, అది నిజం కూడా.

ఆయన నలందా విశ్వవిద్యాలయానికి అధిపతి అన్న మాట ఈమెయిళ్ళలోనూ వాట్సాప్‌లోనూ తరచు తిరుగుతుంటుంది. దానికి గట్టి ఆధారం లేదు.

ఆయన పెరిగిన కాలం గుప్తుల చివరి దశ. బుధగుప్తుడి పాలన ఆయన పుట్టిన ఏడాది ప్రాంతంలోనే మొదలైంది. ఆర్యభటీయం రాసేనాటికి పశ్చిమం నుంచి హూణులు చొచ్చుకొస్తున్నారు. సామ్రాజ్యం కూలుతున్న రోజుల్లో 23 ఏళ్ళ కుర్రాడు 121 శ్లోకాల పుస్తకం రాశాడు. దాంట్లో గణితానికి కేటాయించింది 33 శ్లోకాలే. వర్గమూలం, ఘనమూలం, వైశాల్యాలు, శ్రేఢులు, వడ్డీ లెక్కలు, 62832ని 20000తో భాగిస్తే వచ్చే వృత్త నిష్పత్తి (అది సుమారు విలువేనని ఆయనే హెచ్చరించాడు), మనం కాలేజీలో సైన్ టేబుల్ అని చదువుకున్న దానికి పూర్వరూపం, అన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి. ఇవి అందరికీ తెలిసినవే కనుక వాటి దగ్గర ఆగను.

ఆ 33లో 14, 15, 16 శ్లోకాలు నీడలవి.

నీడ కొలవటానికి ఆయన వాడింది శంకువు, అంటే నిలువుగా పాతిన కర్ర. మన జ్యోతిషంలో దాన్ని సాధారణంగా 12 అంగుళాలదిగా తీసుకుంటారు. ఈ అంగుళం ఇంచీ కాదు, వేలి వెడల్పు. శంకువు, దాని నీడ, కర్ర కొస నుంచి నీడ కొసకు సాగే కిరణం, ఈ మూడూ కలిస్తే ఒక లంబకోణ త్రిభుజం. పక్కనే ధ్వజస్తంభం ఉంటే, అదీ దాని నీడా కలిసి ఇంకొక త్రిభుజం. సూర్యుడు చాలా దూరంలో ఉన్నాడు కాబట్టి రెండు చోట్లా కిరణాల వాలు ఒకటే. ఒకటి చిన్నది, ఇంకొకటి పెద్దది, ఆకారం మాత్రం అదే. వీటినే స్కూల్లో సరూప త్రిభుజాలన్నారు. అయిదు అడుగుల కర్ర నీడ నాలుగు అడుగులు పడితే, ఇరవై నాలుగు అడుగుల నీడ పడ్డ స్తంభం ముప్పై అడుగులుంటుంది. త్రైరాశికం వచ్చినవాళ్ళకు ఇది నోటి లెక్క. ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అంటూ ఆ త్రైరాశికాన్ని కూడా ఆర్యభటుడు అదే పుస్తకంలో 26వ శ్లోకంలో పెట్టాడు. మా తరంవాళ్ళలో కొందరైనా వీధిబడిలోనో, తాతగారి దగ్గరో ఈ మాటలు విని ఉంటారు.

గ్రీకుల్లో థేలీస్ ఈజిప్టు వెళ్ళి పిరమిడ్ ఎత్తును నీడతోనే కొలిచాడని చెప్పుకుంటారు. అమెరికా స్కూలు పుస్తకాల్లో ఆ కథే ఉంటుంది. అది క్రీస్తుకు ఆరు శతాబ్దాల ముందు మాట కాబట్టి ఆర్యభటుడు ఈ పద్ధతికి ఆద్యుడు కాడు, అలా చెప్పుకోవలసిన అవసరమూ మనకు లేదు. ఆయన ప్రత్యేకత తరవాతి మెట్టులో ఉంది. 15, 16 శ్లోకాల్లో ఆయన సూర్యుణ్ణి వదిలి దీపం దగ్గరికి వచ్చాడు. దీపం దగ్గరలో ఉంటుంది. దాని కిరణాలు విచ్చుకుంటూ పోతాయి. కర్రను ఎటు జరిపినా నీడ పొడుగు మారుతుంది. ఆ మార్పులోనే దీపం ఎత్తు దాగి ఉంది.

15వ శ్లోకంలో సూత్రం ఇది. దీపం ఎత్తు తెలుసు, శంకువు దానికి ఎంత దూరంలో ఉందో తెలుసు. ఆ దూరాన్ని శంకువు ఎత్తుతో హెచ్చవేసి, దీపం ఎత్తులో నుంచి శంకువు ఎత్తు తీసేస్తే మిగిలిన దానితో భాగిస్తే నీడ పొడుగు వస్తుంది. 16వది దీనికి ఎదురు లెక్క. దీపం ఎత్తూ తెలియదు, దూరమూ తెలియదు. అప్పుడు ఒకే ఎత్తున్న శంకువులు రెండింటిని ఒకే వరసలో పెట్టి, రెండు నీడలనీ, రెండు నీడల కొసల మధ్య దూరాన్నీ కొలుస్తాం. కొసల మధ్య దూరాన్ని మొదటి నీడతో హెచ్చవేసి రెండు నీడల తేడాతో భాగిస్తే, దీపం కింది చోటు నుంచి మొదటి నీడ కొసకు ఎంత దూరమో తెలుస్తుంది. దాన్ని శంకువు ఎత్తుతో హెచ్చవేసి అదే నీడతో భాగిస్తే దీపం ఎత్తు.

చదివితే తల తిరిగినట్టు ఉంటుంది గాని, చేస్తే పది నిమిషాల పని. మొన్నటి డిసెంబరులో మా మనవడికి స్కూలువాళ్ళు సరూప త్రిభుజాల హోంవర్కు ఇచ్చారు. నీడతో ఏదో ఒకదాని ఎత్తు కనుక్కుని రమ్మన్నారు. వాడు బడి నుంచి వచ్చి, తిని, తీరిగ్గా పుస్తకం తీసేసరికి నాలుగున్నర. ఐసెలిన్‌లో డిసెంబరు నాలుగున్నరకు సూర్యుడెక్కడ? వాళ్ళమ్మ ఏదో ఒక అంకె వేసి పంపిద్దామంది. నేను ఒప్పుకోలేదు. మా ఇల్లు ఓక్ ట్రీ రోడ్డు నుంచి లోపలికి వెళ్ళే ఒక చిన్న వీధిలో ఉంది. ఎదురుగా వీధి దీపం ఉంది. కోటు తొడిగించి, గరాజ్‌లోని అయిదు అడుగుల కర్రా టేపూ తీసుకుని వాణ్ణి బయటికి తీసుకెళ్ళాను.

ఇక్కడి వీధి దీపాలకొక ఇబ్బంది ఉంది. దీపం స్తంభం నెత్తి మీద ఉండదు. అడ్డంగా ఒక చెయ్యి చాపుకుని రోడ్డు మీదికి వేలాడుతుంది. కాబట్టి దూరం కొలవవలసింది స్తంభం మొదలు నుంచి కాదు, దీపానికి సరిగ్గా కిందనున్న చోటు నుంచి. అది రోడ్డు నడిమధ్యలో ఉంది, కార్లు వస్తూ పోతూ ఉన్నాయి. 16వ శ్లోకం పనికొచ్చేది సరిగ్గా ఇలాంటి చోటే. దీపం కింద చోటును ముట్టుకోనక్కరలేదు. మా డ్రైవ్‌వే దీపానికి ఎదురుగా తిన్నగా ఉంది, నేల కూడా చదునుగానే ఉంది. మొదటి చోట కర్ర నీడ నాలుగు అడుగులు. దీపానికి దూరంగా అదే వరసలో వెనక్కి జరిపి పెడితే ఆరు అడుగులు. నీడల కొసల మధ్య దూరం పది అడుగులు. పదిని నాలుగుతో హెచ్చవేసి, తేడా అయిన రెండుతో భాగిస్తే ఇరవై. ఇరవైని అయిదుతో హెచ్చవేసి నాలుగుతో భాగిస్తే ఇరవై అయిదు. దీపం ఇరవై అయిదు అడుగుల ఎత్తులో ఉంది. వాడు పలక మీద గీసినట్టు డ్రైవ్‌వే మీద చాక్‌పీసుతో త్రిభుజాలు గీసుకుని, ఒకటికి రెండుసార్లు చూసుకుని, ఇది ఎవరి ఫార్ములా అని అడిగాడు. చెప్పాను. హోంవర్కు కాగితం మీద ఆర్యభటుడి పేరు రాసుకుపోయాడు.

ఇంతవరకు ఇది వీధి దీపం లెక్క. ఇప్పుడు ఇదే లెక్కను పడుకోబెట్టి చూడండి. దీపం స్థానంలో సూర్యుణ్ణి పెట్టండి, శంకువు స్థానంలో భూమిని. సూర్యుడు దీపంలా పెద్దవాడు, భూమి శంకువులా చిన్నది. భూమి వెనక ఒక నీడ పడుతుంది. కొసకు పోయేకొద్దీ సన్నబడుతూ ఒక మొనలాగా ముగుస్తుంది. దాని పొడుగెంత? పుస్తకం చివరి భాగమైన గోళపాదంలో ఆర్యభటుడు చెప్పిన సూత్రం ఇది. సూర్యుడి దూరాన్ని భూమి వ్యాసంతో హెచ్చవేసి, సూర్యుడి వ్యాసంలో నుంచి భూమి వ్యాసం తీసేసిన దానితో భాగించాలి. వెనక్కి వెళ్ళి 15వ శ్లోకం సూత్రాన్ని మళ్ళీ చదవండి. ఒక్క మాట తేడా లేదు. దీపస్తంభం దగ్గర నేర్చుకున్నదాన్ని ఆయన ఆకాశంలోకి ఎత్తి పెట్టాడు, అంతే.

ఆయన లెక్క ప్రకారం భూమి వ్యాసం 1050 యోజనాలు, సూర్యుడిది 4410, చంద్రుడిది 315. తేడా 3360. కాబట్టి భూమి నీడ పొడుగు సూర్యుడి దూరంలో పదహారింట అయిదు వంతులు. మొదటి భాస్కరుడి వ్యాఖ్యలో సూర్యుడి దూరం 4,59,585 యోజనాలు, చంద్రుడి దూరం 34,377 యోజనాలు. వాటితో లెక్క వేస్తే నీడ పొడుగు సుమారు 1,43,620 యోజనాలు వస్తుంది. చంద్రుడు దానిలో నాలుగో వంతు దూరంలోనే ఉన్నాడు. అంటే పున్నమినాడు సరైన వరసలోకి వస్తే నీడలో మునగక తప్పదు. చంద్రుడున్న చోట ఆ నీడ ఎంత వెడల్పు ఉంటుంది? దానికి తరవాతి శ్లోకం ఉంది. అదీ సరూప త్రిభుజమే. సుమారు 799 యోజనాలు. అంటే చంద్రుడి కంటే రెండున్నర రెట్లు.

2025 మార్చి 14న తెల్లవారుజామున మా ఐసెలిన్‌లో సంపూర్ణ చంద్రగ్రహణం కనిపించింది. 2 గంటల 26 నిమిషాల నుంచి 3 గంటల 31 నిమిషాల దాకా చంద్రుడు పూర్తిగా నీడలో ఉన్నాడు. నేను డ్రైవ్‌వేలో కుర్చీ వేసుకుని చూశాను. సంపూర్ణానికి ముందు, చంద్రుడి మీద జరుగుతున్న నీడ అంచు గుండ్రంగా వంగి ఉంటుంది. ఆ వంపును మనసులో పూర్తి చేసి చూస్తే చంద్రుడి కంటే బాగా పెద్ద వలయం కనిపిస్తుంది. ఇప్పటి ఖగోళ శాస్త్రం ఆ నీడ వెడల్పు సగటున చంద్రుడికి సుమారు రెండు ముప్పావు రెట్ల లోపు అంటుంది. ఆయన రెండున్నర అన్నాడు, చేతిలో ఒక కర్ర, ఒక త్రైరాశికంతో.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. సూర్యుడి దూరం విషయంలో ఆయన లెక్క చాలా తప్పు. సూర్యుడు చంద్రుడి కంటే పదమూడు రెట్లు దూరంలో ఉన్నాడనుకున్నాడు. నిజానికి దాదాపు నాలుగు వందల రెట్లు. గ్రహాలన్నీ రోజుకు ఒకే దూరం నడుస్తాయన్న ఊహ మీద కట్టిన లెక్క అది. అయినా గ్రహణం లెక్క ఎందుకు కుదిరింది? గ్రహణానికి కావలసింది ముఖ్యంగా ఆకాశంలో బింబాల కనిపించే పరిమాణాలు. అవి ఆయన సరిగానే పట్టుకున్నాడు. సూర్యుణ్ణి దగ్గరికి తెచ్చినప్పుడు అదే నిష్పత్తిలో చిన్నవాణ్ణీ చేశాడు కనుక దెబ్బ తక్కువ తగిలింది. ఆర్యభటుడు భూమి చుట్టుకొలతను ఇన్ని మైళ్ళని సరిగ్గా చెప్పాడంటూ వచ్చే సందేశాల సంగతి కూడా ఇలాంటిదే. ఆయన యోజనానికి ఎనిమిది వేల మనుషుల నిలువులన్నాడు. మనిషి నిలువు అయిదు అడుగులనుకుంటే భూమి వ్యాసం 7955 మైళ్ళు వచ్చి ఇప్పటి కొలత 7918కి దగ్గరగా పోతుంది. ఆరు అడుగులనుకుంటే 9500 దాటిపోతుంది. ఎవరికి కావలసిన మనిషిని వాళ్ళు నిలబెట్టుకోవచ్చు. ఆయన గొప్పతనం మైళ్ళలో లేదు, నిష్పత్తుల్లో ఉంది.

ఆ నిష్పత్తులే ఆయన్ని చిక్కుల్లో పెట్టాయి.

నీడ లెక్క కుదిరిన తరవాత రాహువు మింగటానికి ఏమీ మిగలలేదు. సూర్యగ్రహణంలో సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడు, చంద్రగ్రహణంలో చంద్రుణ్ణి భూమి నీడ కప్పుతుంది. ఇంత పొట్టిగా, ఎవరికీ క్షమాపణ చెప్పుకోకుండా రాశాడాయన. మా ఇంట్లో ఇప్పటికీ గ్రహణం పట్టేముందు దర్భలు వేస్తారు, విడిచాక స్నానం చేస్తారు. నేను దానికి అడ్డు చెప్పను. ఆర్యభటుడు కూడా స్నానం మానమని ఎక్కడా రాయలేదు. పుస్తకం మొదట్లో బ్రహ్మకు నమస్కరించినవాడే ఆయన. కాకపోతే గ్రహణం ఎప్పుడు, ఎంతసేపు అన్న లెక్కకు రాహువు అక్కరలేదని చూపించాడు. పంచాంగకర్తలు అప్పటి నుంచి ఇప్పటిదాకా గ్రహణాన్ని నీడ లెక్కతోనే గుణిస్తున్నారు.

ఆయన తరవాత నూట ముప్పై ఏళ్ళకు, 628లో, బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం రాశాడు. ఆయన మామూలు మనిషి కాదు. సున్నాతో లెక్కల నియమాలు రాసినవాడు, గణితంలో ఆర్యభటుడికి ఏ మాత్రం తీసిపోడు. ఆ పుస్తకంలో ఒక అధ్యాయమంతా ఇతరుల తప్పులు పట్టడానికే కేటాయించి, అందులో ఎక్కువ భాగం ఆర్యభటుడి మీదే పెట్టాడు. గ్రహణానికి రాహువు కారణం కాదనేవాళ్ళు వేదాలకూ స్మృతులకూ విరుద్ధంగా పోతున్నారని ఇంకొకచోట మందలించాడు. తమాషా ఏమిటంటే తన గ్రహణ లెక్క మాత్రం చంద్రుడి బింబంతో, భూమి నీడతో, ఆర్యభటుడు వేసిన పద్ధతిలోనే వేశాడు. పదకొండో శతాబ్దంలో మన శాస్త్రాలను చదివిన అల్ బిరూనీకి ఇది అర్థం కాలేదు. ఇంత పెద్ద పండితుడు ఒకటి చెప్పి ఇంకొకటి ఎందుకు చేశాడా అని విస్తుపోయి, దాని మీద తన పుస్తకంలో చాలాసేపు తర్జనభర్జన పడ్డాడు.

రెండో తగాదా భూమి తిరగటం గురించి. చుక్కలు నిలిచే ఉన్నాయనీ, భూమే తన చుట్టూ తాను తిరుగుతోందనీ ఆర్యభటుడు చెప్పాడు. పడవలో పోయేవాడికి ఒడ్డున చెట్లు వెనక్కి నడుస్తున్నట్టు కనిపిస్తాయన్న పోలిక ఆయనదే. ఒక మహాయుగంలో భూమి ఎన్ని చుట్లు తిరుగుతుందో అంకె కూడా ఇచ్చాడు, 158,22,37,500. దాని నుంచి ఒక చుట్టుకు పట్టే కాలం తీస్తే 23 గంటల 56 నిమిషాల 4 సెకన్ల పైన ఒక పిసరు. ఇప్పటి కొలతా అదే. దీని మీద వచ్చిన అభ్యంతరాలు తెలివితక్కువవి కావు. భూమి అంత వేగంగా తిరిగితే గూడు విడిచిన పక్షి తిరిగి గూటికి ఎలా చేరుతుందని వరాహమిహిరుడు అడిగాడు. ఎత్తైన కట్టడాలు ఎందుకు పడిపోవటంలేదని బ్రహ్మగుప్తుడు అడిగాడు. వీటికి సరైన జవాబు చెప్పాలంటే గెలీలియో, న్యూటన్ రావాలి. అప్పటికి ఇంకా వెయ్యేళ్ళ పైచిలుకు ఉంది.

జవాబు లేనప్పుడు ఆయన అభిమానులు చేసిన పని నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. ఆయనంటే వల్లమాలిన గౌరవం ఉన్న వ్యాఖ్యాతలే, గురువుగారు ఇంత తప్పు రాసి ఉండరన్న నమ్మకంతో, ఆయన మాటను తిప్పి చెప్పారు. ఒక ప్రాణకాలంలో, అంటే నాలుగు సెకన్లలో, ఒక కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు తిరిగేది ఏది? ఆర్యభటుడు భూః అని రాశాడు, అంటే భూమి. తరవాతి పాఠాల్లో అది భం అయింది, అంటే నక్షత్ర మండలం. ఒక్క అక్షరం మారింది, విశ్వం తలకిందులైంది. ఛందస్సు కూడా చెడలేదు కనుక ఎవరికీ అనుమానం రాలేదు. మరి అసలు పాఠం మనకు ఎలా తెలుస్తోంది? ఖండించటం కోసమే బ్రహ్మగుప్తుడు ఆ మాటను ఉన్నది ఉన్నట్టుగా తన శ్లోకంలో ఎత్తి చూపించాడు కాబట్టి. గౌరవించినవాళ్ళు చెరిపిన అక్షరాన్ని దెబ్బలాడినవాడు కాపాడాడు.

ఆర్యభటుడు ఇంకొక పుస్తకం కూడా రాశాడు. దాన్ని ఆర్యభట సిద్ధాంతం అంటారు. అది నశించిపోయింది, ఇతరులు ఉదహరించిన ముక్కలు మిగిలాయి. ఆ మిగిలిన వాటిలో ఎక్కువ భాగం పరికరాల గురించి, శంకువులూ, నీడ యంత్రాలూ, నీటి గడియారాలూ. ఆయన శిష్యులుగా భాస్కరుడు చెప్పినవారు పాండురంగస్వామి, లాటదేవుడు, నిశ్శంకువు. జీవితమంతా శంకువులతో గడిపినవాడికి శంకువు లేనివాడనే పేరున్న శిష్యుడు దొరకటం చూస్తే, ఆ రోజుల్లో కూడా బడిలో దీని మీద ఎవరో ఒకరు జోకు వేసే ఉంటారనిపిస్తుంది.

ఆయన పుస్తకం అరబ్బులకు చేరింది. మన పక్కన, పందొమ్మిదో శతాబ్దంలో, కోదండరామ సిద్ధాంతి ఆర్యభటీయానికి సుధాతరంగమనే తెలుగు వ్యాఖ్య రాశారు. అది 1956లో మద్రాసులో అచ్చయింది. సంస్కృత మూలం మొదట అచ్చయింది మాత్రం 1874లో, హాలండ్‌లోని లైడెన్‌లో, కెర్న్ అనే పండితుడి పరిష్కరణలో. అమెరికాలో 1930లో వాల్టర్ యూజీన్ క్లార్క్ చేసిన ఇంగ్లీషు అనువాదాన్ని చికాగో యూనివర్సిటీ ప్రచురించింది. నేను మొదట చదివింది ఆ అనువాదమే, ఇక్కడి లైబ్రరీ ద్వారా తెప్పించుకుని. 1975 ఏప్రిల్ 19న మన దేశం తన మొదటి ఉపగ్రహాన్ని పంపినప్పుడు దానికి ఆయన పేరే పెట్టారు. ఆ మరుసటి ఏడాది, ఆయన పుట్టి పదిహేను వందల ఏళ్ళయిన సందర్భంలో, ఢిల్లీలో జాతీయ విజ్ఞాన అకాడమీ శుక్లా, శర్మ గార్ల సంపాదకత్వంలో ఆర్యభటీయానికి మంచి ప్రతి తెచ్చింది. ఆసక్తి ఉన్నవాళ్ళు చదవవలసింది అదే.

పిల్లలతో చేసి చూడాలనుకునేవారికి ఇంకొక లెక్క. పగలూ రాత్రీ సమానమయ్యే రోజున, అంటే మార్చి 20 ప్రాంతంలోనూ సెప్టెంబరు 22 ప్రాంతంలోనూ, నడిమధ్యాహ్నం 12 అంగుళాల శంకువు నీడ ఎంతో దాన్ని పలభ అంటారు. పంచాంగం ఏ ఊరికి గుణించినా మొదట కావలసిన అంకె అది. ఊరు ఎంత ఉత్తరాన ఉంటే అది అంత పొడుగు. ఉజ్జయినిలో అది అయిదు అంగుళాల చిల్లర. బోధన్‌లో నాలుగు. బోధన్‌లో ఏడాదికి రెండు రోజులు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నీడ కాలి కింద మాయమవుతుంది, ఆ రెండు రోజుల మధ్య కొన్ని వారాలు నీడ దక్షిణానికి కూడా పడుతుంది. ఐసెలిన్‌లో అలా ఎప్పుడూ జరగదు. ఇక్కడ మధ్యాహ్నపు నీడ ఏడాది పొడుగునా ఉత్తరానికే. శంకువు పన్నెండు ఇంచీలదైతే నీడనూ ఇంచీల్లో కొలవచ్చు, నిష్పత్తి మారదు. మార్చిలో అప్పటికి గడియారాలు ముందుకు జరిగి ఉంటాయి కనుక పన్నెండింటికి కాదు, ఒంటిగంట దాటాక అయిదారు నిమిషాలకు నీడ అన్నిటికంటే పొట్టిగా ఉంటుంది. మబ్బు లేకపోతే పది ఇంచీల పైన పావు ఉండాలి.